పొద్దుటి మాత్రకో తలుపు

ఎడమ చేత్తో రసమట్టం ఆనించి, కుడి చేతి తాపీతో ఈరప్ప గేటు స్తంభానికి సిమెంటు పూస్తున్నాడు. పాతపాళ్య ఊళ్లో అది లక్ష్మణప్ప ఇల్లు. ఉగాదికల్లా ఆ స్తంభాల మీద రెండు సింహాలు కూర్చోవాలని ఆయన పట్టుదల.

ఈరప్పకు పని ఎవరూ నేర్పలేదు. చింతామణి టౌనులో ఇటుకలు మోస్తూ మేస్త్రీల చేతులు చూసి నేర్చుకున్నాడు. తను పూసిన గోడను మర్నాడు అరచేత్తో తడిమి, గరుకు తగిలితే తనే చెక్కేసి మళ్లీ పూస్తాడు. దానికి కూలి అడగడు.

ఆ మంగళవారం లక్ష్మణప్ప భార్య మునిలక్ష్మమ్మ సిమెంటులోకి నీళ్లు పోసి, వంగి లేస్తూనే ఇసుక మీద పడిపోయింది. లక్ష్మణప్ప పైత్యమన్నాడు, నిమ్మకాయ తెమ్మన్నాడు. ఈరప్ప వినకుండా ఆటో పిలిచి ఇద్దరినీ బాగేపల్లి ఆసుపత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరమ్మ బీపీ చూసింది, బాగా తక్కువ. నాలుక ఎండిపోయి ఉంది. రక్తంలో పొటాషియం పడిపోయిందని పరీక్షలో తేలింది. గుండెకూ కాళ్ల వాపుకూ నాలుగు నెలలుగా ఒంట్లో నీరు తీసే మాత్ర వాడుతోందని పాత మందుల చీటీ చూస్తే తెలిసింది. నీళ్లు ఎంత తాగుతావని అడిగితే మునిలక్ష్మమ్మ గొంతు తగ్గించి చెప్పింది.

"మాత్ర మింగితే గంటగంటకూ పోవల్ల. పగలు యాడికి పోయేదమ్మా? పొద్దుగూకేదాకా నీళ్లే ముట్టను."

ఆమె సంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ ఈరప్ప ఆ మాట విన్నాడు.

డాక్టరమ్మ విసుక్కుంది. మాత్ర ఒంట్లోని నీటినీ ఉప్పునూ బయటికి తోస్తుంది. చెప్పినంత నీళ్లు కూడా తాగకపోతే పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి, గుండె లయ తప్పుతుంది, కిడ్నీలు చెడతాయి. అలాగని మానేస్తే మళ్లీ వాపు, ఆయాసం. రాత్రి మింగితే చీకట్లో లేచి పడతారు. ఒక్కసారిగా లేవకూడదు. వాంతులు, భేదులు పట్టినా, పిక్కలు పీకినా వెంటనే రావాలి. మోకాళ్ల నొప్పికని అంగడి మాత్రలు కొనకూడదు. మాత్ర తగ్గించినా పెంచినా తనే చెప్పాలి. ఇప్పటికి ఆపి, శనివారం మళ్లీ రక్తం చూసి, బాగుంటే సోమవారం పొద్దున్నుంచి సగం మాత్ర ఇస్తానంది.

అన్నీ మంచి మాటలే. పోయే చోటు మాత్రం ఎవరూ చూపలేదు. ఈరప్పకు ఒళ్లు మండింది.

లక్ష్మణప్ప ఇంటి పక్కనే పంచాయతీవాళ్లు కట్టించిన కక్కసుదొడ్డి ఉంది. రెండేళ్ల కింద కాంట్రాక్టరు దాని ముందు ఫోటో తీయించుకుని పోయాడు. ఇప్పుడు అందులో కట్టెలున్నాయి. ఈరప్ప తిరిగి రాగానే కట్టెలన్నీ బయటికి విసిరి, ఒక చెంబు నీళ్లు పోశాడు. నీళ్లు మూలకు పోయి నిలబడ్డాయి. వాసన పైకి రాకుండా నీళ్లు నిలవాల్సిన వంపు పైపే లేదు. వెనక గుంత మోకాలి లోతు. కట్టినవాడు ఆ ఒక్క చెంబు పోసి చూసుకుని ఉంటే చాలు. అంతకన్నా కోపం, రెండేళ్లుగా చూస్తూ కట్టెలు నింపిన ఇంటాయన మీద వచ్చింది.

స్తంభం సగంలో ఆపేస్తావా అని లక్ష్మణప్ప గొడవ పెట్టుకున్నాడు. సింహాలకు బయానా కూడా ఇచ్చేశాడట.

"సింహాలు ఉచ్చకు పోవప్పా," అన్నాడు ఈరప్ప. "మీ ఇంటామె పోవల్ల. సోమవారానికి ఆరు దినాలే ఉండాయి. గడ్డపార యాడుండాదో చూపించు."

లక్ష్మణప్ప గొణుగుతూనే తెచ్చిచ్చాడు. రెండో రోజుకు తనే గుంతలోకి దిగాడు.

మునిలక్ష్మమ్మ ఒకే మాట చెప్పింది, వాకిలి రోడ్డు దిక్కు ఉంటే తాను పోలేనని. ఈరప్ప ముందువైపు ఇటుకలతో మూసేసి, పెరటి దిక్కు గోడ తెరిచాడు. గుంత లోతుగా తవ్వి సిమెంటు వరలు దించి, బండతో మూశాడు. వంపు పైపు పెట్టి, నేల వాలు కుదిరేదాకా కక్కసు బేసిన్ మూడుసార్లు ఎత్తి మళ్లీ కూర్చోబెట్టాడు. తలుపుకు గడియ లోపల బిగించాడు.

శనివారం రక్తం బాగుందన్నారు. ఆదివారం సాయంత్రం ఈరప్ప చెంబు నింపి ఆమె చేతికిచ్చాడు. ఆమె పోసింది. నేల మీద చుక్క నిలవలేదు. వంపులో మాత్రం నీళ్లు తేటగా నిలిచాయి.

"గడియ వేసి చూడమ్మా."

ఆమె లోపలికి పోయింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. ఈరప్ప తాపీ కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున అతను స్తంభం దగ్గరికి వచ్చేసరికి మునిలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని, సగం మాత్ర వేసుకుని నిండు లోటా నీళ్లు తాగుతోంది. ఖాళీ లోటా పక్కన పెట్టి, గోడ పట్టుకుని మెల్లగా లేచి, పెరటి వైపు నడిచింది.