రెండు వందల అరవై రెండో పేజీ

మా వన్‌టౌన్‌లో లారీ వాళ్ళందరూ పోలీసుని చూసి పారిపోయేవారు. నజీర్ అహ్మద్‌ని చూసి పోలీసులు పారిపోయేవారు. నేను కోతలు కోస్తున్నాననుకుంటే కానిస్టేబుల్ గురువులుని అడగండి. రిటైరై ఇన్నేళ్ళయినా, పాత లారీ హారను వినబడితే చాలు, ఆయన పక్క సందులోకి తిరిగిపోతాడు.

నజీర్ అహ్మద్ పాత లారీలు బాగుచేసేవాడు. మిలిటరీ వాళ్ళు వేలంలో వదిలించుకున్న డాడ్జిలు, బెడ్‌ఫోర్డులు, సముద్రపు గాలికి తుప్పు పట్టి, క్యాబిన్‌లో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న బళ్ళు ఆయన షెడ్డుకి ఎడ్లచేత లాగించుకుని వచ్చేవి. బిగుసుకుపోయిన ఇంజన్లో కిరసనాయిలు పోసి వారం రోజులు నానబెట్టేవాడు. కమాను కట్టలు ఊడదీసి ఒక్కొక్క పట్టీనీ కూర్చుని గీకేవాడు. ఆరు నెలలు తిరిగేసరికి అదే బండి ఎవరి సాయమూ లేకుండా షెడ్డులోంచి బయటికి నడిచి వచ్చేది. చూడ్డానికి మేమంతా పోగయ్యేవాళ్ళం.

అంతవరకూ బాగానే ఉండేది. బండి రోడ్డెక్కాకే గొడవ. ఆయన దగ్గర మోటారు వాహనాల చట్టం తెలుగు పుస్తకం ఒకటుండేది. పాత పుస్తకాలవాడి దగ్గర కొన్నాడు. అట్ట లేదు, మొదటి పది పేజీలు లేవు, విషయసూచిక ఎలకలు తిన్నాయి. అందుకని సెక్షన్ల నంబర్ల జోలికి పోకుండా పేజీల నంబర్లతోనే మాట్లాడేవాడు. "నూట పదకొండు" అంటే హెడ్‌లైట్లు. "అరవై నాలుగు" అంటే లోడు. పోలీసన్నవాడికి ఇవన్నీ కంఠతా రావాలని ఆయన పట్టుదల. రానివాళ్ళకి తనే నేర్పుదామని ఆయన ఉద్దేశం.

నేను ఓడరేవులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమాస్తాని. ఆయన షెడ్డుని ఆనుకుని ఉన్న వాటాలో అద్దెకుండేవాణ్ణి. శ్రీరామ్మూర్తి చేతిరాత బాగుంటుందని ఆయనతో ఎవడో చెప్పాడు. ఆ చెప్పినవాడెవడో ఇప్పటికీ నాకు దొరకలేదు. ఆయన పోలీసులకి పెట్టుకున్న అర్జీలన్నీ రాసింది నేనే.

గురువులు జంక్షన్లో నిలబడి ఉంటాడా, ఈయన బాగుచేసిన బండిని ట్రయల్‌కి తీసుకెళ్తూ సరిగ్గా గురువులు ముందు ఆపేవాడు. ఆపమని ఎవరూ చెయ్యెత్తలేదు. కిందికి దిగి, గుడ్డసంచీలోంచి కాగితాలన్నీ తీసి, రెండు చేతులతో అందించేవాడు.

"సూడండి, గురువులు గారూ."

"నానేటీ అడగలేదు కదా, సాయిబు గారూ. ఎల్లండి."

"మీరు అడగలేదు కాబట్టే ఇత్తన్నాను. అడగడం మీ డ్యూటీ. నూట ముప్పై రెండు సూడండి."

వెనక రిక్షాలు, ఎడ్లబళ్ళు, సిటీబస్సు ఒకటి, అన్నీ ఆగిపోయేవి. గురువులు గబగబా కాగితాలు తిరగేసి ఇచ్చేసేవాడు.

"టూల్ బాక్సు సూడలేదు మీరు."

"సూసేసినట్టే."

"సూసేసినట్టే అంటే ఎలాగ? జాకీ ఉందో లేదో మీకేటి తెలుసు?"

నెల తిరక్కుండా గురువులు తన డ్యూటీ స్థలం జంక్షన్ మధ్యలోంచి టీకొట్టు వెనక్కి మార్చుకున్నాడు. నజీర్ అహ్మద్ టీ తాగడం మొదలుపెట్టాడు.

ఒకసారి ట్రయల్లో వెనక దీపం ఆరిపోయింది. ఇంకొకళ్ళయితే ఎవరూ చూడకముందే ఇంటికి చేరుకుంటారు. ఈయన తిన్నగా స్టేషన్‌కి పోయి, నా మీద చలానా రాయండన్నాడు. ఎస్సై గారు కొత్తగా వచ్చినాయన. పాపం, మంచివాడు. కూర్చోబెట్టి టీ ఇప్పించి పంపేశాడు. మర్నాడు నజీర్ అహ్మద్ నాచేత అర్జీ రాయించాడు: నేరం ఒప్పుకున్న మనిషికి స్టేషన్‌లో టీ ఇవ్వవచ్చునని ఏ పేజీలో ఉందో తెలియజేయ ప్రార్థన. ఎమర్జెన్సీ రోజుల్లో ఊరంతా పోలీసు పేరెత్తడానికే జంకుతుంటే, మా వీధిలో సోదాలు సరిగ్గా జరగడం లేదని ఫిర్యాదు చేసిన మనిషి ఆయనొక్కడే. ఆ అర్జీ రాసేటప్పుడు మాత్రం కింద నా పేరు లేకుండా జాగ్రత్తపడ్డాను.

"పోలీసులంటే నీకంత మోజేటి, బావా?" అని ఒకనాడు విసుక్కున్నాను. పక్కపక్కనే ఉండి ఇద్దరం వరస కలుపుకున్నాం.

"మోజు కాదు బావా. ఆళ్ళు సెయ్యెత్తేరనుకో, మనం పావలా సేతిలో పెట్టి తప్పించుకుంటాం. అలా పెట్టీ పెట్టీ ఆళ్ళని మనమే పాడుసేసేం. అన్నీ సరిగ్గా ఉన్న బండి రోజుకొకటి కళ్ళబడితే, అడగడం ఆళ్ళకి మళ్ళీ అలవాటవుద్ది. బ్రేకు ఉంది కదా అనే కదేటి మనం బండి స్పీడుగా తోలతాం. సట్టం కూడా అంతే."

మాట బాగానే ఉంది. ఆయన బండి వెనక గంటసేపు ఇరుక్కున్నవాళ్ళకి ఇది చెప్పి ఒప్పించడమే కష్టం.

ఇంట్లోవాళ్ళకీ మినహాయింపు లేదు. ఆయన భార్య గుల్జార్ బేగం చెల్లెలి కొడుకు పెళ్ళికి, ఆయన బాగుచేసిన జీపులోనే ఊరేగింపు పెట్టారు. బయల్దేరే ముందు నజీర్ అహ్మద్ వచ్చి డ్రైవరు దగ్గర్నుంచి తలలు లెక్కపెట్టాడు. ఆరు కాగానే మిగిలినవాళ్ళని దింపేశాడు. మిగిలినవాళ్ళలో పెళ్ళికొడుకున్నాడు.

"పెళ్ళికొడుకుని నడిపించీసేవు కదయ్యా," అని గుల్జార్ బేగం అందరిముందూ తలబాదుకుంది.

"ఎనభై రెండు, బేగం. పెళ్ళికొడుకైతే లెక్కలోకి రాడని ఎక్కడా రాయలేదు."

ఇటువంటి మనిషి దగ్గరికి అప్పలసూరి తన డాడ్జిని తెచ్చాడు. అప్పలసూరి ఇరవై రెండేళ్ళు ఎవరెవరివో లారీలు తోలిన డ్రైవరు. ఊరి పొలం స్టీలు ప్లాంటు కిందికి పోయింది. ఇంక తోలితే సొంత బండే తోలాలని పట్టుబట్టి, ముప్పై ఏళ్ళనాటి ఆ డాడ్జిని కొన్నాడు. ప్లాంటు కట్టే చోటికి రాయి తోలడానికి ఒక కంట్రాక్టరు అతనికి మాట ఇచ్చాడు. జనవరి ఒకటో తారీకున బండి క్వారీలో ఉండాలి. లేకపోతే ఆ వరసలో ఇంకొకడి బండి నిలబడుతుంది.

నజీర్ అహ్మద్ ఏడు నెలలు కష్టపడ్డాడు. డిసెంబరు రెండో వారానికి బండి నీలం రంగు వేసుకుని తయారైంది. ట్రయల్‌కి అప్పలసూరే తోలాడు. ఇంక బ్రేక్ ఇన్‌స్పెక్టరుకి చూపించి ఫిట్‌నెస్ కాగితం తీసుకోవడమే మిగిలింది. సరిగ్గా అప్పుడు మా నజీర్ అహ్మద్ అడ్డం తిరిగాడు.

"ఇరవై ఏళ్ళు దాటిన బండైతే, తోలే ఓనరు కళ్ళ డాక్టరు దగ్గర సర్టిఫికెట్టు తేవాల. రూలు. రెండొందల అరవై రెండో పేజీ."

"నా కళ్ళకేటైంది?" అన్నాడు అప్పలసూరి. మనిషి ముఖం మాడిపోయింది.

"నీ కళ్ళకేటైందని నాననలేదు. రూలు అంది."

ఆ కోపం ఎందుకో తెలియాలంటే ఆ రోజుల్లో లారీ స్టాండు సంగతి తెలియాలి. కళ్ళజోడు పెట్టిన డ్రైవరంటే పని అయిపోయిన మనిషని లెక్క. అలాంటివాడికి ఎవరూ లోడివ్వరు, క్లీనరు కూడా వెనకనుంచి ఇకిలిస్తాడు. కళ్ళ డాక్టరు గుమ్మంలో డ్రైవరు కనబడ్డాడంటే, సాయంత్రానికి స్టాండంతా పరామర్శకి వచ్చేది.

అప్పలసూరి బండి తీసుకుపోదామని చూశాడు. హ్యాండిల్ తిప్పితే తిరిగింది గానీ ఇంజను అంటుకోలేదు. డిస్ట్రిబ్యూటర్‌లో రోటరని బొటనవేలంత ముక్క ఒకటుంటుంది. అది లేకపోతే ఎంత తిప్పినా లాభం లేదు. ఆ ముక్క గుల్జార్ బేగం బియ్యం డబ్బాలో ఉంది.

పదిరోజులు గడిచిపోయాయి. అప్పలసూరి నా దగ్గరికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"శ్రీరామ్మూర్తి బాబూ, సాయిబు మీద నానే ఒక అర్జీ ఎట్టాల. రాసియ్యి. ఏడు నెల్లు సూసేను. ఇంకో వారం దాటితే నా వరస పోద్ది. మా ఇంటిదాని మొకం సూడనేకపోతన్నాను."

నాకు నిజంగా ఒళ్ళు మండింది. ఒక మనిషి బతుకు కన్నా ఈయనకి పేజీ నంబరు ఎక్కువైపోయిందా అనుకున్నాను. రాస్తే గట్టిగా రాయాలి, ఆ రూలు ఏమిటో మాటకి మాట చూసి రాయాలనుకుని, శుక్రవారం నాడు ఆయన నమాజుకి వెళ్ళినప్పుడు షెడ్డులో పుస్తకం తీశాను. వెనకనుంచి తిప్పాను. ఆఖరి పేజీ రెండు వందల నలభై.

చిరిగిందేమోనని చూశాను. లేదు. కింద 'సమాప్తం' అని కూడా ఉంది.

ఆయన తిరిగొచ్చేదాకా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చున్నాను. "బావా, పుస్తకం రెండొందల నలభైకే అయిపోయింది," అన్నాను.

ఆయన స్పానర్లు ఒకసారి వరసగా పేర్చాడు. మళ్ళీ చెదరగొట్టి పేర్చాడు.

"ట్రయల్ రోజున ఆడి పక్కనే కూకున్నాను బావా," అన్నాడు చివరికి. "జంక్షన్లో అడ్డంగా ఎల్తన్న బస్సుకి దారిచ్చి గురువులు గారు సెయ్యెత్తి నిలబడ్డారు. ఈడు ఆపలేదు. పోలీసోణ్ణి సూసి భయపడి ఆపనోడి మొకం నాకు తెలుసు, పొగరెక్కి ఆపనోడి మొకం తెలుసు. ఈడి మొకంలో ఏటీ లేదు. ఈడు ఆయన్ని సూడనే లేదు. నాను హ్యాండ్‌బ్రేకు లాగేసరికి గురువులు గారు కాలవలో ఉన్నారు."

గురువులు ఆ సాయంత్రమే తడిబట్టలతో చలానా పుస్తకం పట్టుకుని కేసు రాయడానికి షెడ్డుకి వచ్చాడట. రాస్తే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే అప్పలసూరికి పొలమూ లేదు, బండీ లేదు.

"వద్దన్నాను బావా. రాయొద్దని పోలీసోడి కాళ్ళు పట్టుకోబోయేను. నాను." ఆయన ఒక స్పానరు తీసి పక్కన పెట్టాడు. "సూపు సరిసేయించుకునేదాకా తోలనివ్వనని మాటిచ్చేను. నీకు కళ్ళు కనపడవురా అని మొకాన్నే అంటే, ఆ మాట స్టాండుకి ఎల్తాది, ఆడు సచ్చిపోతాడు. అందుకని సట్టం మీదికి తోసేసేను. సట్టాన్ని ఎవలు తిట్టినా దానికేటి?"

ఈ మనిషికి వ్యతిరేకంగా అర్జీ రాయబోయినందుకు సిగ్గేసింది. నేరుగా అప్పలసూరి దగ్గరికి వెళ్ళి, రూలు కళ్ళారా చూశానని చెప్పాను. తీరా చెప్పాక అది చాలదేమో అనిపించి, తప్పితే మూడు నెలలు జైలు అని కూడా కలిపాను. గురువులు కూడా వచ్చి, "కొత్తగా వచ్చిందయ్యా, సానా గట్టి రూలు," అన్నాడు. జైలు ఆరు నెలలన్నాడు.

అప్పలసూరి తలకి తువ్వాలు చుట్టుకుని, ఎవరికీ కనబడకుండా పెద్దాసుపత్రికి పోయి కళ్ళ డాక్టరుకి చూపించుకున్నాడు. ఇరవై తొమ్మిదో తారీకున సర్టిఫికెట్టు తెచ్చాడు. కళ్ళజోడు మాత్రం జేబులో ఉంది.

"ఎట్టుకోవాల," అన్నాడు నజీర్ అహ్మద్.

"అదే పేజీలో ఉందేటి?"

"పక్క పేజీ. రెండొందల అరవై మూడు."

అప్పలసూరి నసుగుతూ పెట్టుకున్నాడు. తన డాడ్జి వైపు తిరిగాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి నడిచాడు. చక్రాలు చూశాడు, తన పేరు రాసిన బోర్డు చూశాడు. అప్పుడు తలుపు దగ్గర వంగాడు.

"ఇదేటి బావా, ఇక్కడ రంగు కింద పుట్టీ ఇలా ఉబ్బిపోనాది? ఏడు నెల్లు ఏటి సేసేవు నువ్వు?"

నజీర్ అహ్మద్ కళ్ళు తుడుచుకుని ఉప్పుకాగితం అందుకున్నాడు. బియ్యం డబ్బాలోంచి రోటరు బయటికొచ్చింది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు మారుమాట లేకుండా కాగితం ఇచ్చాడు. ఒకటో తారీకు తెల్లారేసరికి డాడ్జి క్వారీ వరసలో మూడోదిగా నిలబడింది.

కథ ఇక్కడితో అయిపోతే నజీర్ అహ్మద్ సుఖంగా ఉండేవాడు. కానీ స్టాండులో తనొక్కడే కళ్ళజోడుతో తిరగడం అప్పలసూరికి నచ్చలేదు. ప్రతి పాత బండి దగ్గరికీ పోయి, నీ సర్టిఫికెట్టేదని నిలదీయడం మొదలుపెట్టాడు. అడిగినవాళ్ళకి పేజీ నంబరు చెప్పాడు. జైలు ఏడాదన్నాడు. వారం తిరక్కుండా స్టాండులో పదకొండు మంది కళ్ళజోళ్ళు పెట్టుకున్నారు. అందులో ఏడుగురు ఎప్పుడో చేయించుకుని సీటు కింద దాచుకున్నవాళ్ళే. రూలు అన్నాక ఇంక పరువు తక్కువేముంది?

నజీర్ అహ్మద్‌కి అన్నం సయించలేదు. "లేని సట్టాన్ని పుట్టించేను బావా. ఊరంతా పాకిపోయింది. ఇది నేరం," అని నాచేత నేరం ఒప్పుకోలు కాగితం రాయించాడు. దాన్ని పట్టుకుని ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. గురువులు ఒక్కడే ఉన్నాడు. పారిపోవడానికి రెండో గుమ్మం లేదు.

గురువులు కాగితం అందుకున్నాడు. అటూ ఇటూ చూసి, చొక్కా జేబులోంచి కొత్త కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. మేము నోరు తెరిచాం.

"ఏటలా సూత్తారు? ఆ రోజు లారీ నా కంటికీ ఆనలేదు, దగ్గిరకొచ్చేదాకా," అన్నాడు మెల్లగా. "మా ఇంటిది పట్టుకుంది. లారీ వోళ్ళకి రూలుంటే పోలీసోళ్ళకి ఉండదా అని. కాగితం సదవమంటారా, సాయిబు గారూ?"

నజీర్ అహ్మద్ చెయ్యి చాపి కాగితం వెనక్కి తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుని, ఇంకేమీ అడక్కుండా బయటికి నడిచాడు. వీధి చివరికొచ్చాక ఆగాడు.

"పోలీసోడు కూడా పాటిత్తన్న రూలు బావా అది. రద్దు సెయ్యడానికి నానెవల్ని?"