కొలను గట్టు మీద గోనెలు

మనుషులు నలుగురం: నాయన, అమ్మ, చెల్లెలు, నేను. సామాను: నీళ్ళ సీసాలు ఆరు, మజ్జిగ క్యాను ఒకటి, గొడుగు ఒకటి, వడదెబ్బ తగలకుండా తలా ఒక ఉల్లిపాయ. సీసాలకూ క్యానుకూ చుట్టిన తడి గోనెసంచులు నాలుగు. బస్సు కిటికీ పక్కన పెడితే గాలికి తడి ఆరుతూ లోపలి నీళ్ళు చల్లబడతాయి. దీని వెనక సూత్రం నాకు పాలిటెక్నిక్‌లో చెప్పారు. అమ్మ తర్లుపాడు దగ్గర పలకల గనిలో ఇరవై ఏళ్ళు పని చేసింది, ఆమెకు సూత్రంతో అవసరం రాలేదు.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఎండాకాలం అది. చెల్లెలు ఇంటర్ పాసైంది. గుంటూరు అవతల ఉన్న నీళ్ళ ఆటల పార్కు చూపించమంది. అంతకు ముందటేడాది గొర్రెల వెంట తిరుగుతూ నాయన వడదెబ్బకు పడిపోయాడు. రెండోసారి తగిలితే కష్టమని మార్కాపురంలో డాక్టరు చెప్పాడు. అందుకని నాయన ముందే షరతు పెట్టాడు: "నాకు తల తిరిగినట్టుంటే అప్పుడే ఇంటికి. ఎవురూ మొహం మాడ్చుకోగూడదు."

గేటు దగ్గర గార్డు ఆపాడు. "బయటి నీళ్ళు, తిండి తీసుకెళ్ళకూడదమ్మా. లోపల దొరుకుతాయి."

"కడుపులో పోసుకోని పోతే ఆపుతవా, అబ్బాయ్?" అంది అమ్మ.

గేటుకు అడ్డంగా నిలబడి మజ్జిగంతా తాగాం. వెనకవాళ్ళు తొందరపెట్టారు. మేం తొందరపడలేదు. సీసాలూ క్యానూ గార్డు దగ్గర ఉండిపోయాయి, గోనెలు మాతో వచ్చాయి.

మధ్యాహ్నం రెండయింది. కొలను దగ్గర చెప్పులు విడవాలి. గట్టంతా నల్ల బండలు, ఎండకు కాలుతున్నాయి. చెల్లెలు పరుగెత్తి నీళ్ళలో పడింది. నాయన మూడడుగులు వేసి, వెనక్కి వచ్చి రేకుల షెడ్డు కింద కూలబడ్డాడు. మొహం ఎర్రగా కందింది. పన్నెండు నుంచి మూడు దాకా నీడన ఉండాలని నేను పట్టిక రాసుకొచ్చాను. రేకుల వేడి, నేల వేడి అందులో రాయలేదు. తప్పు నాది.

"ఇంటికి పోదాం పా. నా గొర్రెలే నయం, మంచి నీడ చూసుకుంటయి," అన్నాడు నాయన.

అమ్మ వంగి బండ అంచు తడిమి చూసింది. "ఇది మన రాయే. చూడు, పొరలు ఎట్ల లేసినయో."

గనిలో మిట్టమధ్యాహ్నం ఆడవాళ్ళు రాతి మీద తడి గోనెలు పరుచుకుని నడిచేవారు. అమ్మ కుట్టు దారం లాగి నాలుగు సంచులూ విప్పింది, కుళాయి కింద తడిపింది. షెడ్డు నుంచి బారుగా పరిస్తే నీళ్ళ అంచుకు చేరాయి.

నీలం చొక్కా వేసుకున్న పార్కు కుర్రాడొకడు వచ్చాడు. "తీసెయ్యండమ్మా. అందరూ ఫొటోలు తీసుకునే చోటు, బాగోదు."

టికెట్టు వెనక నిబంధనలు పదకొండు. లోపలికి రాగానే చదివాను. గోనె మాట ఒక్కదాంట్లోనూ లేదు. టికెట్టు అతని చేతిలో పెట్టి, "ఏ నంబరు?" అన్నాను.

అతను చదువుతుంటే అమ్మ అంది: "ఈ రాయి పగలగొట్టింది మేము. దీని మీద ఎట్ల నడవాల్నో మాకు తెలుసు. నువ్వు బో, మీ పెద్దాయన్ను పిల్చకరా."

మేనేజరు వచ్చేసరికి ఎవరో ముసలమ్మ, ఇద్దరు మనవళ్ళు మా గోనెల మీద వరుసగా నడుస్తున్నారు. ఆయన కూడా చెప్పులు విడవాల్సిన చోటే అది. ఒక కాలు బండ మీద పెట్టి, తీసి, గోనె మీదికి మారాడు. మా ముందు నుంచే అవతలి వైపుకు నడిచి వెళ్ళిపోయాడు.

"ఆయనకూ కాళ్ళున్నయే," అన్నాడు నాయన. లేచి పంచె పైకి కట్టాడు.

అరగంటకోసారి అమ్మ గోనెలు తడిపింది. ఐదున్నరకు బయటికి వచ్చాం. ఆ లోపల నాయన నీళ్ళలోకి దిగింది నాలుగు సార్లు.