రోషన్‌దాన్ల కరీముద్దీన్

ఎండాకాలంలో వరంగల్‌లోని ఏ పాత ఇంట్లోకైనా సూర్యుడు దూరాలంటే, ముందు మా దాదా కరీముద్దీన్‌ను అడిగే దూరాలి. ఈ మాట ఆయన ఎన్నడూ అనలేదు. ఆయన తరఫున నేనే ఊరంతా చెప్పుకుంటూ తిరుగుతున్నాను. నమ్మనివాళ్లు మే నెల మధ్యాహ్నం రెండింటికి స్టేషన్ వెనక గల్లీలో ఉన్న ప్రేమలత మేడం దవాఖానకు వెళ్లి చూసుకోవచ్చు.

మా తాత కరీముద్దీన్ వడ్రంగి. వయసు డెబ్బై నాలుగు. కూర్చున్నచోటి నుంచి లేవాలంటే పక్కన ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి, నిచ్చెన కనిపిస్తే మాత్రం ఎవరి చెయ్యీ అక్కర్లేదు. బతుకంతా తలుపులూ కిటికీలూ చేశాడు కానీ ఆయన ప్రాణం రోషన్‌దాన్ల మీదే. గోడకు, కప్పుకు జానెడు కింద, తాడు లాగితే తెరుచుకుని వదిలితే మూసుకునే చిన్న కిటికీలవి. గదిలో పైకి చేరిన వేడిగాలి వాటిలోంచే బయటికి పోతుంది. ఎవరింటికి దావత్‌కు వెళ్లినా ఆయన ముందు బిర్యానీ వంక చూడడు, కప్పు వంక చూస్తాడు.

ఆయన జేబులో ఎప్పుడూ ఒక బీడీ కట్ట ఉంటుంది. కానీ ఆయన బీడీ తాగడు. గది మధ్యలో నిలబడి బీడీ వెలిగించి, పొగ ఎటు పోతుందో చూస్తాడు. గాలి ఎటునుంచి వస్తుందో, ఎక్కడ ఇరుక్కుందో ఆ పొగే చెబుతుందట. మా దాదీ అనీస్ బేగం ఈ కథను నలభై ఏడేళ్లుగా నమ్మడం లేదు. సాయంత్రం ఆయన ఇంటికి రాగానే చొక్కా వాసన చూసి, "గాలి మంచిగనే ఉన్నదా ఇయ్యాల?" అని అడుగుతుంది.

పోయిన మే నెలలో ప్రేమలత మేడం ఆయన్ను పిలిపించింది. ఆమెది ఆరు మంచాల కాన్పుల దవాఖాన. నర్సంపేట వైపు పల్లెల నుంచి ఆడవాళ్లు బస్సు దిగి నేరుగా అక్కడికే వస్తారు. ఇల్లు పాతది. రెండడుగుల గోడలు, సున్నపు మిద్దె. దాని కిటికీలు, రోషన్‌దాన్లు అన్నీ దాదా పడుచుతనంలో తన చేత్తో బిగించినవే. తర్వాత అద్దెకు దిగిన ఎవరో ఏసీ చల్లదనం పోకూడదని పీఓపీ సీలింగు కొట్టించి, రోషన్‌దాన్లను దాని పైన పాతిపెట్టారు. ఇప్పుడు వార్డులో రెండు ఏసీలు నడిచినా బాలింతలు చెమటతో తడిసిపోతున్నారు. రోజూ మధ్యాహ్నం రెండింటికి ఫ్యూజు పోతోంది. చలికాలం పసిపిల్లల కోసం హీటరు పెట్టినా అదే తంతు. ఈ పాత వైర్లు ఇంకో మిషన్ను మోయవని ఎలక్ట్రీషియన్ తేల్చి చెప్పేశాడు.

"చాచా, శనివారం వరకు చూస్తా. అప్పటికీ ఇట్లనే ఉంటే వార్డు బంద్ పెట్టుడే," అంది మేడం. "ఇంత ఉడుకుల పసిపిల్లలను ఎట్ల ఉంచాలె?"

"శనివారం దాక ఎందుకు మేడం? ఫికర్ చెయ్యకుండ్రి. గురువారం పగటికే మీ బాలింతలు దుప్పట్లు అడుగుతరు," అన్నాడు దాదా.

మంచాలన్నీ ముందు హాల్లోకి మార్చారు. సీలింగు ఊడదీస్తే ఎనిమిది రోషన్‌దాన్లు బయటపడ్డాయి. ఒక్కొక్కదాన్నీ క్షేమం అడుగుతున్నట్టు తుడిచాడు దాదా. తుప్పు పట్టిన మడతబందులకు కొబ్బరినూనె పట్టించాడు, కొత్త తాళ్లు కట్టాడు. అంతా అయ్యాక గది మధ్యలో నిలబడి బీడీ వెలిగించాడు. సిస్టర్ సోమక్క గబగబా వచ్చి దాన్ని లాక్కుంది.

"కాన్పుల దవాఖానల బీడీ ఏంది తాతా?"

"తాగుతలేను బిడ్డా. గాలిని సూస్తాన."

"గిసొంటి మాటలు మా ఆయన దగ్గర బొచ్చెడు విన్న," అంటూ బీడీని నీళ్ల బకెట్లో ముంచింది.

దాదాకు కోపం వచ్చింది. తను పెట్టిన కిటికీల గాలి తనకు తెలియదా అనుకుని, పొగ సంగతి వదిలేశాడు. పడమటి గోడకు కింద ఒక పెద్ద కిటికీ ఉంది. ఆయన దాన్ని బిగించిన రోజుల్లో దాని వెనక జామతోట ఉండేది, మధ్యాహ్నం కూడా చల్లటి గాలి వచ్చేది. ఆ కిటికీని బార్లా తెరిచి, బయటికి తొంగి కూడా చూడకుండా మంచాలు లోపలికి వేయమన్నాడు.

గురువారం రెండింటికి గోడ మీది థర్మామీటరు ముప్పై ఏడు చూపించింది. ముందురోజు అది ముప్పై అయిదే.

"తాతా, దుప్పట్లు ఎన్ని తేవాలె?" అని అడిగింది సోమక్క.

మేడం వచ్చి థర్మామీటరు చూసుకుంది. "శనివారం మాట శనివారమే చాచా," అని తన గదిలోకి వెళ్లిపోయింది.

దాదా టిఫిన్ డబ్బా మూత తీయకుండా గోడ కింద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మెల్లగా సోమక్కను ఒక ఊదుబత్తి అడిగాడు. ఆమెకు ఆయన ముఖం చూసి జాలేసిందేమో, దేవుడి పటం దగ్గరినుంచి తెచ్చి తనే వెలిగించి ఇచ్చింది. పైకి పోవాల్సిన పొగ పడమటి కిటికీ దగ్గర వంగి దాదా ముఖం మీదికి వచ్చింది. కిటికీకి అడ్డంగా అరచెయ్యి పెట్టాడు. పొయ్యి ముందు పెట్టినట్టుంది.

అప్పుడు గానీ ఆయన బయటికి వెళ్లి చూడలేదు. జామతోట లేదు. బండ్లు నిలపడానికి ఎవరో ఆ కిటికీ అంచుకే రేకుల షెడ్డు దించారు. దాదా రేకు మీద వేలు పెట్టి, చటుక్కున తీసి నోట్లో పెట్టుకున్నాడు. ఆ రేకుల మీది వేడినంతా ఆయనే స్వయంగా పిలిచి బాలింతల మంచాల మీదికి పంపాడు.

నేనైతే షెడ్డు వేసినవాణ్ని తిట్టి ఊరుకునేవాణ్ని. ఆయన మేడం గదికి వెళ్లాడు. బెంచీల మీద పేషెంట్లందరూ వింటూనే ఉన్నారు.

"తప్పు నాదే మేడం. ఎన్కటి జామతోట కండ్లల్ల పెట్టుకొని కిటికీ తెరిసిన. బయటికి పోయి సూడలే."

మేడం గోడ మీది క్యాలెండరు చూసింది. "ఇంకొక్క రోజే ఉంది చాచా."

"సాలు," అన్నాడు.

శుక్రవారం ఆయన జుమా నమాజుకు తప్ప నిచ్చెన దిగలేదు. పడమటి కిటికీ మూసి, సందుల్లో పాత కంబళి ముక్కలు కొట్టాడు. చలికాలం హీటరు వేడి పారిపోయేది కూడా ఆ సందుల్లోంచేనట. ఉత్తరాన వరండా కిటికీకి వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లించాడు. మిద్దె మీద రెండుసార్లు సున్నం కొట్టించాడు. ఈసారి ప్రతి కిటికీ దగ్గరా లోపలా బయటా ఊదుబత్తి పట్టుకుని తిరిగాడు, వెనకాలే సోమక్క అగ్గిపెట్టె పట్టుకుని తిరిగింది. చివరికి తాళ్లు ఆమె చేతికే ఇచ్చాడు.

"పొద్దు గూకినంక అన్నీ తెరువు బిడ్డా, పొద్దున తొమ్మిదికి మూయి. రాత్రంత గోడలు సల్లవడాలె. ఏసీ ఏసినప్పుడు ఒక్కటి గూడ తెరిసి ఉండొద్దు. ఉన్నదనుకో, మీ కరెంటుతోని గల్లీని సల్లవెట్టినట్టే."

శనివారం రెండింటికి ఒక్క ఏసీయే నడుస్తోంది. థర్మామీటరు ముప్పై ఒకటి దగ్గర ఆగింది. ఫ్యూజు పోలేదు. ముందురోజే కాన్పయిన ఆమె బిడ్డను పక్కన వేసుకుని నిద్రపోతోంది. దుప్పటి మాత్రం ఎవరూ అడగలేదు. మేడం గుమ్మంలో నిలబడి గడియారం మూడు దాటేదాకా చూసి, సోమక్క వైపు తిరిగింది.

"వచ్చే వారం కాన్పులకు పేర్లు రాసుకో."

ఇదంతా రాసి దాదాకు చదివి వినిపించాను. ఆయన రంపం పళ్లకు ఆకురాయి పెడుతూ విన్నాడు. నాకే కొంచెం మనసొప్పక, "దాదా, గురువారం సంగతి తీసేద్దామా?" అని అడిగాను.

ఆయన తల ఎత్తకుండానే, "గదొక్కటి ఉంచు. తతిమ్మదంత కొట్టెయ్యి," అన్నాడు.