పసుపు మచ్చకి వాయనం

ఆరు నెలలుగా మా ఆఫీసు ప్రొజెక్టర్ తెర మధ్యలో పసుపు మచ్చ వేస్తోంది. తప్పు నా స్లైడ్లదేనని మా బాస్ మూర్తిగారు తేల్చేశారు. "ఏమ్మా, మీటింగుకొచ్చావా, పేరంటానికొచ్చావా?" అనేవారు అందరి ముందూ. మళ్ళీ అదే హిందీలో చెప్పి తెలుగు రాని మిగతావాళ్ళనీ నవ్వించేవారు.

ఇవాళ నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ బజారు నుంచి మెకానిక్ వచ్చాడు. లోపల నీలం రంగు ప్యానెల్ మాడిపోయి, నీలం పడని చోట పసుపు కనిపిస్తోందని చెప్పి, దాన్ని తీసేసి కొత్తది వేశాడు. మచ్చ మాయం!

"మేడమ్‌జీ, లోపలి పంఖా ఆగకముందే గోడ స్విచ్ ఆపేసేదెవరు? ఆ వేడికే మాడింది" అన్నాడు.

మీటింగ్ అవగానే కరెంటు ఆదా అంటూ ఆ స్విచ్ ఆపేసేది మూర్తిగారే.

"అచ్ఛా భయ్యా, ఈ మాట రిపోర్టులో రాసివ్వు" అన్నాను. కింద పాన్ కొట్లో రెండు తమలపాకులు, వక్క కొన్నాను. మాడిన ప్యానెల్‌ని వాటిలో పెట్టి, రిపోర్టుతో సహా సాయంత్రం మీటింగులో ఆయన చేతికిచ్చాను.

"ఇదేంటమ్మా?"

"పేరంటం వాయనం సార్. పుచ్చుకోండి."

రిపోర్టు చదివి, తలెత్తకుండా సంతకం పెట్టారు. ఈసారి ఆ వాయనం సంగతి అందరికీ హిందీలో నేనే చెప్పాను.

కాస్త ఎక్కువ చేశానంటారా? ఆరు నెలలు పసుపు పూయించుకున్నదాన్నండీ!