గడీ విడిచిన ఉప్పలమ్మ

దొరసాని పెండ్లినాడు పుట్టింటోళ్లు బిందెలు, పట్టెమంచం, పాడి బర్లు పంపిన్రు. వాటి వెనుక ఉప్పలమ్మను గూడ పంపిన్రు. అప్పటికి ఆమె ఇంకా గౌను తొడిగే పిల్ల. అట్ల వచ్చినోళ్లను ఆడబాప అనేటోళ్లు. ఆడబాపకు పెండ్లి లేదు, కూలి లేదు, నాది అని చెప్పుకునే ఇల్లు లేదు. దొరసాని కాళ్లు పిసుకాలె. దొర పిలిస్తే పోవాలె.

నర్సింహులపేట దిక్కు పుట్టిన పిల్ల, గంగారం అడవి అంచున కోటలెక్క ఉన్న దొర గడీల పెరిగి పెద్దదైంది. వంటింటి పక్కన ఒక మూల, ఒక చాప, దొరసాని కట్టి ఇడిచిన చీరెలు. ఊరంతా జొన్న గట్క తాగే రోజుల్లో ఆమె వరన్నం తినేది. అందుకే బావికాడ ఆడోళ్లు ఆమెను చూసి మొకం తిప్పుకునేటోళ్లు. ఆమెకూ వాళ్లంటే భయమే. గడీ గోడల మధ్యన ఏ ఘడియకు ఏం జరుగుతదో తెలుసు, ఏ దెబ్బ ఎక్కడ పడుతదో తెలుసు. బయట ఏముందో తెలవదు. తెలిసిన బాధే నయమనిపించేది.

దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం బలపడ్డది. పక్క ఊళ్లల్ల గడీలు ఒక్కొక్కటే ఖాళీ అయినయి. ఒకనాడు పొద్దుగాల దొర కుటుంబం కచ్చరం కట్టించుకుని పట్నం పారిపోయింది. బండెక్కుతూ దొరసాని తాళంచెవుల గుత్తి ఉప్పలమ్మ చేతిల పెట్టింది.

"మేం మళ్ల వచ్చెదాంక గడప దాటకు."

ఉప్పలమ్మ దాటలేదు. ఎవరూ లేని ఇంట్ల రోజూ ఊడ్చింది. ఎవరూ పండని మంచాలు దులిపింది.

ఊరోళ్లు వడ్ల గాదెలు పంచుకోను వచ్చినప్పుడు ఆమె వంటింటి తలుపు వెనుక దొరికింది. "గిది దొర మనిషి, తన్ని ఎల్లగొట్టున్రి" అని ఎవరో అరిచిన్రు. గుంపుల నుంచి లచ్చి ముందుకొచ్చింది. లంబాడి తండా నుంచి గడీకి కట్టెలు మోసిన మనిషి ఆమె. వెట్టికి మోసీ మోసీ మెడ పక్కకు వంగిపోయింది.

"ఇష్టపడి వచ్చిందానే ఆమె ఈడికి? దొర మనతోని కట్టెలు మోయించిండు, ఆమెతోని ఇంకోటి మోయించిండు" అన్నది లచ్చి.

అరిచినోళ్లు గాదెల దిక్కు మళ్లిన్రు. లచ్చి తలుపుకాడికి వచ్చి నిలబడ్డది.

"అక్కా, మా తండాకు పోదం రా."

"నన్నెవరు రానిస్తరే? ఉమ్మూస్తరు."

"ఉమ్మితె తుడుసుకుందం. ఈడుండి ఏం చేస్తవు?"

తాళంచెవులు అరుగు మీద పెట్టి ఉప్పలమ్మ గడప దాటింది. తోవల ఆగి ఆగి వెనక్కి చూసింది. లచ్చి చెయ్యి పట్టి గుంజలేదు, ఇడిసి ముందుకూ పోలేదు.

తండాల మొదటి రోజులు నరకమే. గొడ్డలి పడితే అరచేతులు బొబ్బలెక్కినయి. కొత్త భాష చెవికి ఎక్కలేదు. ప్రతిదానికీ ఎవరినో ఒకరిని అడిగేది. "నీళ్లు తాగనా?" అంటే లచ్చి నవ్వేది. "వాగును అడుగు!"

మెల్లమెల్లగ మారింది. అడవి తోవ తెలిసింది. ఇప్పపువ్వు ఏరింది, జొన్న కలుపు తీసింది. ఒకనాడు నవ్వుతుంటే ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానమొచ్చింది. అడవి నరికి చేసిన పోడు చెలకలు సంఘం పంచేనాడు మొగోళ్ల నడుమ లేచి నిలబడి, "నాకు వాగు పక్కది కావాలె" అన్నది. ఇచ్చిన్రు. ఆ చెలకల ఒక్క పంట తీసింది.

ఆ ఒక్కటే.

నిజాం రాజ్యం కూలింది, రజాకార్లు పోయిన్రు. ఇగ మంచి రోజులని అందరూ అనుకుంటుంటే కొత్త సైన్యం అడవిల దిగింది. ఖద్దరు టోపీ పెట్టుకుని దొర వాళ్ల జీపెక్కే తిరిగొచ్చిండు. అడవిల దాగిన సంఘం దళాలకు అన్నం పెడుతున్నరని తండాలు తగలబెట్టి, జనాన్ని ముళ్లకంచె నడుమకు తోలిన్రు. కంచె లోపల ఒక్కటే బావి. ఎండాకాలం రాంగనె వాంతులు, బేదులతోని గత్తర లేచింది.

లచ్చి పడిపోయిన రోజే గడీ నుంచి జీతగాడు ఓదెలు వచ్చిండు. కంచె అవతల నిలబడి పిలిచిండు.

"ఉప్పలమ్మా, దొరసాని నిన్ను ఇడిపిస్తనన్నది. నీ మూల నీకట్లనే ఉంది, రా."

"లచ్చిని గూడ తోల్కపోతరా? జర దవాఖానల చూపిస్తే బతుకుతది."

"లంబాడిదాన్నా? నీకేమన్న పిచ్చా?"

"అయితె నేను రాను."

ఆ ఇంటి మాటకు ఆమె అడ్డం చెప్పడం పుట్టిన కాడి నుంచి అదే మొదలు. ఓదెలు తల కొట్టుకుంట గడీ దిక్కు మళ్లిండు. లచ్చి పడుకున్నకాడి నుంచే తిట్టింది. "పోయి బతుకరాదే పిచ్చిదానా! నా కోసం చస్తవా?" ఉప్పలమ్మ గుడ్డ తడిపి ఆమె పెదవుల మీద పెట్టింది.

తెల్లారి మధ్యాహ్నానికి లచ్చి పోయింది. కాల్చేందుకు కట్టెలియ్యలేదు. జీవితమంతా కట్టెలు మోసిన మనిషిని మరో నలుగురితో కలిపి ఒకే బొందల వేసిన్రు. ఉప్పలమ్మ మిగిలింది. మిగిలినందుకు ఆమెకేం సంబురం లేకుండె.

కంచె తీసేసినంక చెలక కాడికి పోయింది. దొర నాగళ్లు దున్నుతున్నయి. పాలేర్లల్ల ఎవరో "గడీకి పో, పని దొరుకుతది" అన్నరు. అక్కడి నుంచి లచ్చిని పెట్టిన జాగకు వచ్చింది. బొంద ఎక్కడో ఆనవాలు దొరకలేదు. నేలంతా ఒక్క తీరుగ గడ్డి మొలిచి ఉంది. చానసేపు అటూ ఇటూ తిరిగి, ఆ గడ్డిల కూసొని, కొంగు దులుపుకుని లేచింది.

మానుకోట టేషన్ కాడ మిల్లుల పని ఉంటదని విన్నది. తోవ తెలవదు. ఎదురొచ్చినోళ్లను అడుగుకుంట పోయింది.