వాయిదాల్లో పెరిగిన బిడ్డ

మార్త కోపం గురించి ఆ నర్సింగ్‌హోమ్‌లో కథలు కథలుగా చెప్పుకునేవాళ్ళు. సూదికి భయపడి అరిస్తే పెద్దమనిషని కూడా చూడకుండా గద్దించేదట. డాక్టర్లు సైతం ఆమె డ్యూటీలో ఉంటే గొంతు తగ్గించేవాళ్ళట. అది పుట్టుకతో వచ్చిన కోపం కాదు. మదనపల్లి నుంచి బెంగుళూరుకు నర్సుగా వచ్చిన కొత్తలో నోట్లో నాలుక లేని పిల్ల ఆమె. ఆ కోపాన్ని సగం చర్చి నేర్పింది, మిగతా సగం కోర్టు నేర్పింది.

మొగుడు ఇమ్మానుయేలు పీణ్య ఫ్యాక్టరీల పేటలో లేత్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆదివారం తెలుగు చర్చిలో కీబోర్డు వాయిస్తే ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకునేవాళ్ళు. సోమవారం నుంచి శనివారం దాకా తాగొచ్చి, ఆ చేతులతోనే పెళ్ళాన్ని బాదేవాడు. తొంభై మూడులో ఒకసారి మార్త చెయ్యి విరిచాడు. తోటి సిస్టర్లే కట్టు కట్టారు. మెట్ల మీంచి పడ్డానని చెప్పింది. నర్సులకు తెలియదూ!

ఇక ఉండలేనని ఆమె గడప దాటబోతుంటే పాస్టరు శామ్యూల్ అయ్యగారూ చర్చి పెద్దలూ కూర్చోబెట్టి మాట్లాడారు.

"చూడు మార్తమ్మా, విశ్వాసులు కోర్టు గుమ్మం తొక్కకూడదు. నలుగురిలో చర్చి పరువేం కావాలి? నువ్వు కొన్నాళ్ళు హాస్టల్లో ఉండు. రాత్రి డ్యూటీలు చేసేదానివి, పాపను ఎక్కడ పెట్టుకుంటావు? మీ అత్త దగ్గరే ఉండనీ. ఈస్టరు దాకా ఆగు, మేం సర్దిచెప్పి పాపను నీకు ఇప్పిస్తాం."

ప్రార్థన చేశారు. మార్త ఆమెన్ అంది. ఆ ఒక్క మాటతో కొంప మునిగింది.

కూతురు జ్యోత్స్నకు అప్పుడు నాలుగేళ్ళు. ఈస్టరు వచ్చింది, పోయింది. "అతనింకా మెత్తబడలేదమ్మా, క్రిస్మస్ కానీ" అన్నారు. క్రిస్మస్ కూడా అయింది. చర్చిలో ఆడవాళ్ళ వైపు ముందు వరసలో అత్త ఒళ్ళో పాప, వెనక గోడవారగా మార్త. పాప వెనక్కి తిరిగితే అత్త గడ్డం పట్టుకుని ముందుకు తిప్పేది. అది చూస్తూ కీర్తనలు పాడమంటే ఎవరికి గొంతు వస్తుంది?

ఏడాదిన్నర ఓర్చి ఓర్చి చివరికి లాయరు దగ్గరికి పోయింది. ఆ లాయరు మునినారాయణప్పది బెంగుళూరు పక్కన దేవనహళ్ళిలో ఎప్పుడో స్థిరపడిన తెలుగు కుటుంబం. అంతా విని తల పట్టుకున్నాడు.

"ఏమ్మా, బిడ్డను ఆడ వదిలేసి ఇన్నాళ్ళూ ఊరికే ఉండావా? జడ్జి మొదట అడిగేది అదే గదా!"

"పెద్దలు ఆగమన్నారు సార్."

"ఆ పెద్దలొచ్చి సాక్ష్యం చెప్తారా మరి?"

ఒక్కడొస్తే ఒట్టు. పైగా కోర్టుకెక్కిందని మార్తను ప్రభువు బల్లకు దూరం పెట్టారు, రొట్టె, ద్రాక్షరసం ఆమెకు ఇవ్వలేదు. చెయ్యి విరిచినవాడేమో దర్జాగా కీబోర్డు వాయిస్తూనే ఉన్నాడు. ఇదెక్కడి న్యాయం ప్రభువా అని మార్త చర్చి మెట్ల మీదే గట్టిగా అడిగింది.

పోనీ విడాకులన్నా అడుగుదామంటే అదీ కుదరలేదు.

"క్రైస్తవుల చట్టం వేరేమ్మా. ఆడవాళ్ళకు కొట్టినాడంటే చాలదు, ఇంకోదాన్ని ఉంచుకున్నాడని కూడా చూపించల్ల" అన్నాడు మునినారాయణప్ప.

"అంటే, వాడు ఇంకొంచెం చెడిపోయేదాకా నేను కాచుకోవాలా సార్?"

నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు లాయరు.

బిడ్డ కోసం వేసిన కేసులో, పాప ఆ ఇంటికి అలవాటు పడింది, తల్లికేమో రాత్రి డ్యూటీలు, కేసు తేలేదాకా అక్కడే ఉండనివ్వండి అన్నాడు జడ్జి. తల్లి శనివారం శనివారం కోర్టులోనే ఒక గదిలో చూసుకోవచ్చు. ఆ గదిలో చక్రాలూడిన బొమ్మకార్లుండేవి. అత్త కదలకుండా పక్కనే కూర్చునేది. ఒక వారం జ్వరమనేవాళ్ళు, ఒక వారం పరీక్షలనేవాళ్ళు. వచ్చిన వారం మార్త జడ వెయ్యబోతే, "నానమ్మ వేసింది" అని పిల్ల తల లాక్కునేది. హాస్టలుకొచ్చి మార్త ఆ కోపం బట్టల మీద చూపించి ఉతికేది.

కేసు నడిచింది అనకూడదు, కుంటింది. జడ్జి మారాడు. అవతలి లాయరుకు ఒంట్లో నలతంట. లాయర్ల సమ్మెంట. ఫైలు కనిపించడంలేదంట. ప్రతి వాయిదాకూ డ్యూటీ మార్చమని మేట్రన్ కాళ్ళావేళ్ళా పడాలి, పడి వెళ్తే మళ్ళీ వాయిదా! రెండువేల ఒకటిలో చట్టం మారింది, కొట్టినా చాలన్నారు. ఆ తర్వాత రెండేళ్ళకు విడాకులొచ్చాయి. తోటి సిస్టర్లు స్వీటు ఇప్పించమన్నారు.

"ఎందుకే స్వీటు? మొగుణ్ణి వదిలించమని కాదు నేను కోర్టుకు పోయింది, బిడ్డను ఇమ్మని!" అని కసిరింది మార్త.

రెండువేల ఏడులో ఇంకో కొత్త జడ్జి వచ్చాడు. జ్యోత్స్నను పిలిపించాడు. ఫైలు తిరగేసి, అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, ఎవరి దగ్గరుండాలో ఇక కోర్టు చెప్పేదేమీ లేదు, కేసు మూసేస్తున్నాం అన్నాడు. మార్తకు బుర్ర తిరిగిపోయింది.

"నేను గెలిచినట్టా, ఓడినట్టా సార్?" అంది బయటికొచ్చాక.

"రెండూ కాదమ్మా. బిడ్డ పెద్దదైపోయినాది, అంతే." ఆమెను ఓదార్చబోయి మునినారాయణప్ప ఇంకో మాటన్నాడు. "పోయినేడు కొత్త చట్టం వచ్చిండాది. ఇంట్లో కొట్టేవాణ్ణి దగ్గరికి రానీకుండా రక్షణ ఆర్డరిస్తారు. అప్పట్లోనే ఉండింటే..."

"చేతులు కాలాక ఆకులెందుకు సార్? నా చెయ్యి విరిగినప్పుడు ఎక్కడ ఏడ్చింది ఆ చట్టం?"

వరండాలో స్తంభం పక్కన నిలబడ్డ జ్యోత్స్న రెండడుగులు దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఆ ఆర్డరు పెళ్ళాలకేనా? కూతుళ్ళకు కూడా ఇస్తారా?"

మార్త చప్పున కూతురి దుపట్టా పక్కకు లాగింది. భుజం మీద కమిలిన మచ్చ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నానమ్మ పోయినప్పటి నుంచి."

"నాకెందుకు చెప్పలేదే పిచ్చిదానా?"

"చెప్తే నువ్వు కోర్టుకు పోతావు. కోర్టుకు పోతే అది తేలేలోగా నాకు ముప్పై ఏళ్ళొస్తాయి."

మార్త కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

"అమ్మా, పిటిషన్ రాయల్లా వద్దా?" పైనుంచి కేకేశాడు మునినారాయణప్ప.

"రాయండి సార్, రాయండి. మీరు రాస్తూ ఉండండి, నా బిడ్డను నేను ఇంటికి తీసుకుపోతున్నా."