చెలిమె నీళ్ల సీసా

నా చిన్నప్పుడు మా ఊళ్లో నీళ్లు రెండు రకాలు. రోజూ తాగడానికి వీధి చివరి బోరింగు నీళ్లు, చుట్టాలొస్తే చెలిమె నీళ్లు. చెలిమె అంటే వాగు ఇసుకలో తోడిన గుంట. మైలు దూరం నడిచి, చెంబుతో ముంచి బిందె నింపుకుని తెచ్చేవాళ్లం. బోరింగు నీళ్లలో పప్పు కూడా ఉడికేది కాదు. అయినా ఆ బోరింగంటే మా అవ్వకు ప్రాణం. మోకాళ్ల నొప్పులతో వాగుదాకా ఆమె నడవలేకపోయేది మరి.

ఒకరోజు నీళ్లు పరీక్ష చేసే సర్కారు సారు మా బడికి వచ్చాడు. నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువుంటే బోరింగుకు ఎర్ర రంగు పూసి, ఇక తాగొద్దంటారని ఊరందరికీ తెలుసు. సారు నాకో ఖాళీ సీసా ఇచ్చి మా బోరింగు నీళ్లు పట్టుకురమ్మన్నాడు. ఇంటికి ఉరికి చెప్పగానే అవ్వ నా చేతిలో సీసా లాక్కుంది.

"ఊరికొచ్చిన సారుకు బోరింగు నీళ్లిస్తరా ఎవరన్న? నవ్విపోతరు" అంటూ చెలిమె నీళ్లు నింపింది. అది మర్యాదో, ఎర్ర రంగు భయమో అవ్వకే తెలియాలి. నాకైతే పక్కపిల్ల పలక చూసి రాసినంత సంబరం.

సారు నీళ్లలో మందు చుక్కలు వేశాడు. పసుపుకు తిరిగితే చెడ్డవి, గులాబీ రంగులో ఉంటే మంచివి అని చెప్పాడు. మావి గులాబీ రంగులోనే నిలిచాయి. సారు సీసా ఎత్తి అడుగున ఉన్న ఇసుక చూశాడు, నన్ను చూశాడు. తీరిగ్గా పుస్తకం తెరిచాడు.

"మస్తున్నయ్ బిడ్డా! రేపటి సంది బడి పిల్లలందరు మీ బోరింగు నీళ్లే తాగాలని రాస్త. మీ ఇంట్ల చిన్నోళ్లున్నరా?"

"తమ్ముడున్నడు సార్. ఇప్పుడిప్పుడే పండ్లొస్తున్నయ్."

"వానికి గూడ గవ్వే తాపుండ్రి. ఫికర్ లేదు."

నాకు పక్కింటి అక్క గుర్తొచ్చింది. ఆ బోరింగు నీళ్లకే ఆమె పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి, నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకునేది. సారు కలం ఎత్తగానే, "రాయకుండ్రి సార్! అవి చెలిమె నీళ్లు!" అని ఏడ్చేశాను. ఆయన పకపకా నవ్వి, నా చెయ్యి పట్టుకుని బోరింగు దగ్గరికి నడిచాడు. ఈసారి సీసా తనే నింపాడు. చుక్కలు పడగానే నీళ్లు పసుపుకు తిరిగాయి.

చూడ్డానికొచ్చిన అవ్వ మొఖం మాడిపోయింది. "ఫెయిలైంది నీళ్లు, అవ్వా! నువ్వు గాదు. చెడ్డగున్నయని రాస్తెనే గద, మీ వాడకు ట్యాంకరొచ్చేది" అన్నాడు సారు.

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా!" అని అవ్వ ఆయన్నే కసిరి, తాగడానికి చెంబెడు చెలిమె నీళ్లిచ్చింది. ట్యాంకరు నిజంగానే వచ్చింది.

తెలంగాణ వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో నీళ్లు పరీక్ష చేసే ఆడవాళ్లలో నేనొకదాన్ని. పోయిన నెల పైపు పగిలి మురుగు కలవడంతో మా ఇంటి నల్లా నీళ్లే పరీక్షలో తప్పాయి. "ఇజ్జత్ పోతది అత్తమ్మా, జర మంచిగ రాయి" అంది కోడలు. ఉన్నదున్నట్టు రాశాను. పైపు బాగయ్యేదాకా రెండు రోజులు పక్క వీధి నుంచి బిందె మోశాను. మోకాళ్లు నొప్పెట్టాయి. కానీ మా నల్లా నీళ్లు ఒక్క గుక్క కూడా నా మనవడి నోట్లోకి పోలేదు.